చూపు ఆనని జాగ

నా చిన్నప్పుడు మా మేనత్త చేసిన ఒక కనికట్టు చూసి, చాలా రోజులు ఆమె దగ్గరికి పోవడానికే భయపడ్డాను. అది కనికట్టు కాదని తెలిసింది మాత్రం ఈ మధ్యనే. దుబాయ్‌లోని జెబెల్ అలీలో ఒక ట్రైలర్ కింద పడబోయి బతికినాక.

మా మేనత్త బీడీలు చుట్టేది. ఒకనాడు తునికాకు కత్తిరించే కత్తెర తెమ్మని నన్ను లోపలికి పంపింది. నేను గడప మీద నిలబడి ఒకసారి చూసి, లేదని వచ్చి చెప్పాను. లేదంటే లేదని వాదించాను కూడా. ఆమె లేచి వెళ్లి, నేను చూసిన చోటు నుంచే కత్తెర తెచ్చింది. తిట్టలేదు. చాట బోర్లించి, దాని మీద నాలుగు వేళ్ల ఎడంతో రెండు మక్కగింజలు పెట్టింది. ఎడమ కన్ను మూసుకొని, కుడి కంటితో ఎడమ గింజనే చూస్తూ మెల్లగా ముఖం కిందికి దించమంది. దించాను. కుడి పక్క గింజ మాయమైపోయింది. చాట ఉంది, చాట అల్లిక ఉంది, గింజ లేదు.

చేత్తో తడిమితే గింజ అక్కడే ఉంది. అత్తకు మంత్రాలు వచ్చనుకొని ఏడుపు అందుకున్నాను.

“మంత్రం లేదు, మన్ను లేదు. గింజ యాడికీ పోలె. నీ కంట్లనే చూపు ఆనని జాగ ఒకటున్నది. లేదని చెప్పేముందు జరంత తల జరుపు,” అంది.

నానమ్మ కంటికి పొర తీయించడానికి పెద్దాసుపత్రికి పోయినప్పుడు అక్కడి డాక్టరు అత్తకు ఇది చూపించాడట. నేను నమ్మలేదు. డాక్టర్లు గింజలతో ఆడుకుంటారా అని నా అనుమానం.

పెద్దయ్యాక దుబాయ్ వచ్చి పడ్డాను. నలభై ఏళ్లు దాటాక, పనోళ్లం ఉండే క్యాంపు గదిలో అక్షరాలు నేర్చుకున్నాను. గింజ సంగతి ఎప్పుడో మరిచిపోయాను.

కరోనా తగ్గి పని మళ్లీ ఊపందుకున్న రోజులవి. గోదాం యార్డులో ట్రైలర్లకు దారి చూపడం నా పని. మా ఊళ్లో ఎద్దు వెనక నుంచి పోయేవాడు దాని తొంటి మీద తట్టి పోతాడు. మనిషి ఉన్నాడని దానికి తెలుస్తుంది, తన్నదు. ఆ అలవాటు నా చేతిని వదల్లేదు. ఆ రోజు కూడా క్యాబిన్ కుడి పక్కన రేకు మీద తట్టి, ఆగమని చెయ్యి ఊపాను. బండి ఆగలేదు. నా మీదికే తిరిగింది. వెనక్కి పడ్డాను. తల మీది హెల్మెట్ జారిపోయింది. చక్రం దాన్ని ముక్కలు చేసింది.

డ్రైవర్ కడప మనిషి, ముస్లిం. బండి దిగి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

“అల్లా తోడు చాచా, నువ్వు నాకు కనపళ్లేదు.”

“పట్టపగలు పచ్చ జాకెట్ తొడుక్కొని నిలవడ్డ. కనవడలేదంటే ఎవడు నమ్ముతడు? ఫోన్ల ఉన్నవ్, అంతే.”

“ఫోను బ్యాగులో ఉండాది. చూసుకో.”

“నీ బ్యాగుతోని నాకేం పని?”

ఇంతలో మా మేనేజర్, ఇక్కడి మాటలో ముదీర్, వచ్చాడు. డ్రైవర్ నిన్ను చూసి కూడా బండి ఆపలేదా అని నన్నే అడిగాడు. నేను అవునంటే ఆ మనిషి పని అప్పటికప్పుడే ఖలాస్, ఇంటికి టికెట్టు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. చావు తప్పినవాడి కోపం చిన్నది కాదు.

మా సేఫ్టీ మేడమ్ హైదరాబాద్ ఆమె. “పెద్దాయనా, చెప్పే ముందు ఒక్కసారి అతని సీట్లో కూర్చోండి,” అంది. ఎక్కి తలుపు వేసుకున్నాను. ఏసీ హోరు తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఆమె నేను నిలబడ్డ చోట నిలబడి, నాలాగే రేకు మీద గట్టిగా తట్టిందట. నాకు వినపడలేదు. అద్దాలన్నీ వెతికాను. ఎండలో మెరుస్తున్న యార్డు ఉంది, గోదాం గోడ ఉంది, మనిషి లేదు. దిగి అటు పక్కకు పోయి చూస్తే పచ్చ జాకెట్‌తో మేడమ్ అక్కడే ఉంది.

“దీన్నే బ్లైండ్ స్పాట్ అంటారు. అంటే గుడ్డి జాగ,” అంది. “మొదట ఇది బండ్ల మాట కాదు, కంటి డాక్టర్ల మాట. కంట్లో నుంచి నరం బయటికి పోయే చోట చూపు ఉండదు. ఆ జాగ పేరే తర్వాత బండ్లకు వచ్చింది.” చూపిస్తానని ఒక అట్టముక్క తీసి, పెన్నుతో చుక్క పెట్టింది.

“రెండో చుక్క నాలుగు వేళ్ల ఎడం పెట్టు బిడ్డా,” అన్నాను. “ఎడమ కన్ను మూసుకోవాలె.”

“మీకెట్లా తెలుసు?”

“మా మేనత్త చూపింది. మక్కగింజలతోని.”

చూశాను. కుడి చుక్క పోయింది. ఇన్నేళ్ల తర్వాత అదే కన్ను, అదే మాయ. అత్త మంత్రం అనుకొని ఏడ్చిన సంగతి ఇక్కడ, సముద్రం ఒడ్డున, ఇంగ్లీషు పేరుతో నా ముందు నిలబడింది. ఆ జాగలోనే నేను చచ్చిపోయేవాణ్ని. ఆ జాగ సంగతి తెలియకపోతే అతని కూడు తీసేవాణ్ని.

ముదీర్ ఇంకా నా జవాబు కోసమే చూస్తున్నాడు. డ్రైవర్‌కు నేను కనపడలేదని చెప్పాను. డ్రైవర్ బండి మెట్టు మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. మర్నాడు మళ్లీ అదే బండి మీద వచ్చాడు.

మేనత్త పోయి చాలా కాలమైంది. నేను బండ్లను తట్టడం మానేశాను. యార్డులో బండి పక్కకు పోవాలంటే, దాని అద్దంలో డ్రైవర్ కళ్లు నాకు కనపడేదాకా తల జరుపుతూనే ఉంటాను. వాళ్లు నవ్వుతారు, ముసలాయన కోడిలాగ మెడ ఆడిస్తున్నాడని. నవ్వనీ. కళ్లు కలిశాకే నేను అడుగు వేస్తాను.