పరదా కింది నుంచి వచ్చిన రొట్టె

మా ఇంట్లో నాకు తిండియావ ఎక్కువని పేరు. నిన్న కూడా అమ్మ చుట్టాల ముందు నవ్వుకుంట, "దీనికి నోరు కట్టుకునుడు రాదు" అంది.

ఇయ్యాల ఎల్బీ నగర్ మెట్రో దిగంగనే రొట్టెలు కాలే వాసన వచ్చింది. చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌ల మేమున్న కిరాయి గది యాదికొచ్చింది. ఉన్నదే ఒక్క గది, నడుమ పాత చీర పరదా. మీలో ఎంతమంది ఇండ్లల్ల ఉండె అట్లాంటి పరదా?

నాన్న గొంతు లేస్తే చాలు, అమ్మ వేడి రొట్టెల నెయ్యి, చక్కెర చుట్టి నన్ను పరదా వెనక కూచోబెట్టేది.

"తిను బిడ్డా. నోరు నిండుగుంటే ఏడుపు రాదు. కిందింటోళ్లు వింటరు."

అవతల గ్లాసు పగిలిన చప్పుడైతే పరదా కింది నుంచి ఇంకో రొట్టె వచ్చేది. పళ్ల కింద చక్కెర కరకరలాడుతుంటే దెబ్బల చప్పుడు జర తక్కువ వినపడేది.

ఇప్పటికీ ఎవరు గట్టిగ మాట్లాడినా నా చెయ్యి తిండి మీదికే పోతది. ఆఫీసుల మేనేజర్ కసిరిన రోజు నాలుగు కేకులు తిన్న. ఒక్కదాని రుచీ తెల్వలే.

కౌన్సెలర్ దగ్గరికి పోత అంటే అమ్మ మొకం మాడింది. "పో. కానీ ఇంట్ల సంగతులు చెప్పకు. నాన్న పరువు ఏంగావాలె?"

రేపు పొద్దున పోతున్న. అన్నీ చెప్త.