చేతికి తీగె కట్టుకొని బస్సెక్కిన

ఆ రోజుల్లో మా దిక్కు మనిషికి రెండు భయాలుండె, పగలైతె పోలీసులు, రాత్రయితె అన్నలు (నక్సలైట్లను మేం అన్నలనే అంటుంటిమి). నాకు మూడో భయం గూడ ఉండె, మా ఇంజినీరు సారు. నాలుగోదిల బడి ఇడిసిన నేను కోరుట్లల టెలిఫోన్ ఆఫీసు ఊడుస్తుంటి. ఓనాడు చందుర్తి దిక్కు ఒకూర్ల ఎక్స్ఛేంజి సచ్చి ఫోన్లన్ని మూగవోయినయి. కొత్త కార్డు ఏస్తె బతుకుతదట. కార్డంటె పోస్టుకార్డు గాదు, పలకంత పచ్చ అట్ట, దాని నిండ సన్న సన్న తీగెలు. సారు ఆ గుట్టల దిక్కు పోనంటె పోనన్నడు. "నువ్వు తాళ్లెక్కే గౌండ్లోళ్ల పిలగానివి, నిన్నెవలు పట్టించుకుంటర్రా" అని కొత్త కార్డు, ఆ ఎక్స్ఛేంజి తాళంచెవి నా చేతుల పెట్టిండు.

కార్డు తీసుడు, పెట్టుడు రెండుసార్లు చేపిచ్చిండు. "అంచులే పట్టాలె. మన ఒంట్ల కనపడని కరెంటుంటది, అది తగిలితె కార్డు ఖతం. అందుకే ఈ పట్టీ చేతికి కట్టి, దాని తీగె కొసకున్న క్లిప్పు కార్డులుండే ఇనుప బీరువకు పెట్టాలె." "మోకు లెక్కనా సార్?" అన్న. "ఆ, మోకే అనుకో." గా మాట అనకపోయినా బాగుండు! తాటిచెట్టెక్కెటోడు తనను చెట్టుకు కట్టుకునే తాడు మోకు. కాళ్లు నేలకు ఆనేదాక ఇప్పద్దని మా బాపు కొట్టి నేర్పిండు. మరి కార్డు దాని జాగల కూసునేదాక నేనెట్ల ఇప్పుత? కోరుట్లల్నే పట్టీ కట్టి, క్లిప్పు సంచిల కార్డు కవరుకు తగిలిచ్చి, వేములవాడ బస్సెక్కిన.

గుట్టల నడుమ పోలీసులు బస్సాపిండ్రు. ఒక జవాను నా సంచిల చెయ్యి పెట్టబోయిండు. "సార్, ముట్టకుండ్రి! ముడితె ఖతం!" అన్న. సారు చెప్పిన మాటే. జవాను కిందికి దుంకిండు, దేవుని మొక్కుకు పోయెటోళ్లంత కిటికీలకెళ్లి దుంకిండ్రు. బస్సుల నేనొక్కన్నే, అంగి చేతిలకెళ్లి సంచిలకు తీగె. "చేతులు లేపురా!" అని ఎస్సై చెట్టు సాటుకెళ్లి మొత్తుకున్నడు. లేపిన. తీగెతోని సంచి గూడ లేసింది. "దించురా, దించు!"

తర్వాత నాతోనే సంచి ఇప్పిచ్చి సూసి, కొట్టిండ్రు. గది నవ్వులది గాదు.

"ఏ దళంరా?"

"దళం గాదు సార్, టెలిఫోన్."

"అయితె ఆ ఊరికి ఫోన్ చేసి అడుగుత."

"కలవది సార్. కలవాల్నంటె ఈ కార్డెయ్యాలె. ఏస్తె పచ్చదీపం ఎలుగుతది."

ఎస్సై నన్ను జీపు దిక్కు నెట్టిండు. "సరే, ఏద్దువు పా. దీపం ఎలిగితె కూలోనివి. ఎలగకపోతె నువ్వెవలివో నేనే రాసుకుంట." రాసుకునుడంటె ఏందో మాకెరుకే. తెల్లారి పేపర్ల ఎదురుకాల్పులు.

జీపుల ఆ ఎక్స్ఛేంజికి కొంటవోయిండ్రు. ఎనుక తుపాకి, ముందు బీరువ. క్లిప్పు బీరువకు పెట్టిన, కార్డుకున్న రెండు పిడులు ఒక్కసారే గుంజి పాతది తీసిన. కొత్తది సగంల ఆగింది. ఎనుకకు తీస్తుంటె "ఏంజేస్తున్నవ్రా?" అని గద్దిచ్చిండు ఎస్సై. "బలిమి చెయ్యద్దట సార్" అన్న, నెత్తురు మింగుకుంట. మల్ల పెట్టి నెట్టిన, టక్కుమన్నది. ఎర్రలైటు. ఎర్రలైటే. ఎంతసేపైందో ఏమో, పచ్చగైంది.

ఎస్సై ఫోనెత్తి పెద్దసారుకు కలిపిండు. "ఏం లేద్సార్. ఉత్త కూలోడే." నేనేసిన కార్డులకెళ్లి పోయిన తొలిమాట గదే.

ఎనుక తుపాకి ఉంటె, కార్డుకేమైతదో అని గుబులు పడ్డ ఆ పిచ్చి పిలగాన్ని తలుసుకుంటె ఇప్పటికీ నవ్వస్తది. కని ఆ నవ్వు సగంల్నే ఆగుతది. ఆ తొవ్వల పోలీసులు బస్సులకెళ్లి దింపుకపోయిన నా అసోంటోళ్లు ఇంకెందరో. దీపం ఎలిగిచ్చి సూపెట్టెతందుకు వాళ్ల చేతుల ఏముండె?