చదివేసిన మెయిలు

లిఫ్టులు రిపేరు చేసే ఆ ఆఫీసులో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు. అందరికీ కంగారక్కే. ఇంటికి తాళం వేసి, మెట్లు దిగాక, వేశానా లేదా అని మళ్లీ ఎక్కే మనిషి. మెకానిక్కులు ఆవిడ ముందే నవ్వేవారు. ఆవిడా నవ్వేది, నవ్వుతూనే వెళ్లి తాళం లాగి చూసేది.

ఫిర్యాదులన్నీ ఒకే మెయిలు అకౌంటుకు వచ్చేవి. దాన్ని ఆఫీసు కంప్యూటర్లో ఒక ప్రోగ్రాంలో, ఆవిడ ఫోనులో మరో దాంట్లో, మెకానిక్కుల ట్యాబులో ఇంకో దాంట్లో చూసేవారు. ఎక్కడ తెరిచినా మిగతా రెండు చోట్లా చదివినట్టే కనిపిస్తుంది. దాన్నిబట్టి తమలో తాము ఒక పద్ధతి పెట్టుకున్నారు. అక్షరాలు లావుగా ఉంటే పని మిగిలినట్టు, సన్నబడితే ఎవరో అందుకున్నట్టు. కాబట్టి పనికి వెళ్లేవాళ్లే మెయిలు తెరవాలి. ఏళ్ల తరబడి అది బాగానే సాగింది.

ఆ ఉదయం చూస్తే లావు అక్షరాలు ఒక్కటీ లేవు. హమ్మయ్య అనుకుని టీ అందుకుంది. సన్నబడ్డ వరుసలో పైనుంచి రెండోదాని మీద చూపు పడగానే కప్పు చేతిలోనే ఆగిపోయింది. నిన్న సాయంత్రం ఇంట్లో పాలు పొంగుతుంటే వచ్చిన మెయిలది. తనే వేలు ఆనించి తెరిచింది, ఒక్క ముక్కా చదవకుండా ఫోను పక్కన పడేసి పొయ్యి దగ్గరికి పరుగెత్తింది. తర్వాత ఆ ఊసే మరిచిపోయింది.

ఇప్పుడు చదివింది. నాలుగో అంతస్తులో లిఫ్టు రాకుండానే తలుపు తెరుచుకుంటోంది, లోపలంతా ఖాళీ, పిల్లలు తిరిగే చోటు, త్వరగా రండి.

మెకానిక్కుకు ఫోను చేస్తే అతను తాపీగా అన్నాడు, "నిన్ననే కనబడిందక్కా. చదివేసి ఉంది కదా, ఎవరో వెళ్లుంటారులే అనుకున్నా."

"ఎవరూ వెళ్లలేదు. తెరిచింది నేనే. నువ్వు వెంటనే అక్కడికి రా," అని చెప్పి రోడ్డు మీద పడింది.

ఆ మేడ నాలుగు వీధుల అవతల. బడికి బయల్దేరే వేళ. బ్యాగు తగిలించుకుని, వెనక్కి తిరిగి అమ్మతో మాట్లాడుతూ తలుపులోకి అడుగు వేసే పిల్లలే దారంతా కళ్లముందు మెదిలారు. గేటు దగ్గర గుంపు లేదు. దానికీ భయమే వేసింది, ఎవరైనా పడ్డా లిఫ్టు గోతిలోకి ఇంకా ఎవరూ తొంగి చూడలేదేమోనని. కమ్మీ పట్టుకుని మెట్లెక్కింది.

నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపు బార్లా తెరిచి ఉంది. దానికి అడ్డంగా కుర్చీ, కుర్చీలో కళ్లెర్రబడ్డ పెద్దాయన.

"వచ్చావా అమ్మా," అన్నాడాయన. "లిఫ్టు ఆపేద్దామంటే మోటారు గది తాళంచెవి మీ దగ్గరే ఉందాయె. మీరు చదివారని నిన్ననే నాకు దానంతటదే తిరుగు మెయిలొచ్చింది. చదివాక రాకుండా ఉంటారా అని, ఇంకెవరినీ పిలవకుండా ఇక్కడే కూర్చున్నా."

ఆవిడ ఆయన్ని లేపి లోపలికి పంపి, ఆ కుర్చీలో తను కూర్చుంది. వెనక గోతిలోంచి చల్లగాలి వీపుకు తగులుతోంది. ఇంతలో బ్యాగు తగిలించుకున్న పాప ఒకతి వచ్చి, అలవాటుగా లిఫ్టు మీటకేసి చెయ్యి చాపింది. ఆవిడ ఆ మణికట్టు గట్టిగా పట్టేసుకుంది.

"నొప్పిగా ఉంది, వదలండి ఆంటీ," అంది పాప.

ఆవిడకు వదలడం చేతకాలేదు.