ముసల్దానికి దమ్ము

లోకంలో ఏ వస్తువుకూ సరిగ్గా ఊపిరాడటం లేదని శ్రీధర్‌రావు సార్ నమ్మకం. ఆ ఒక్క పిచ్చి పక్కన పెడితే ఆయనంత బుద్ధిమంతుడు సిరిసిల్ల మొత్తంలో దొరకడు. బియ్యం డబ్బాకు గాలాడటం లేదని చిల్లులు పెట్టాడు, చీమలు సంతోషించాయి. గొడుగుకు గాలాడటం లేదని చిల్లులు పెట్టాడు, ఆ వానాకాలమంతా ఆయన భార్య ఇందిరాదేవి తుమ్ముతూనే ఉంది. ఆయన పాఠాలు చెప్పే బడిలో సైన్సు బీరువాకు పెట్టిన చిల్లుల్లోంచి ఎలుకలు దూరి పరీక్ష పేపర్లు నమిలేసినప్పుడు మాత్రం పిల్లలు ఆయన్ని దేవుడిలా చూశారు.

నేను అదే బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. పైగా పక్కింటివాణ్ణి. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"సార్, మీ ఇంట్ల చిల్లు పడని వస్తువేమన్న మిగిలిందా?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "నీళ్ల బిందె," అన్నాడు. "దాని సంగతి గూడ చూడాలె."

ఎనభై ఆరు ఎండాకాలంలో ఆయన చూపు కారు మీద పడింది. తండ్రి వదిలిపోయిన నల్ల కారు అది. దాని వయసుకు గౌరవమిచ్చి 'ముసల్ది' అని పిలిచేవాడు. కాస్త ఎత్తు ఎక్కాలంటే చాలు, బుస్సుమని ఆవిర్లు కక్కేది. ఒక పొద్దున బజార్లో నిలబడి, "మా ముసల్దానికి దమ్ము పట్టింది. రెండడుగులకే ఎగపోస్తంది," అని నిట్టూర్చాడు.

మా వైపు దమ్మంటే ఉబ్బసం, ఎగపోయడమంటే ఆయాసపడటం. సాయంత్రానికల్లా ఇందిరాదేవిని పరామర్శించడానికి పదకొండు మంది వచ్చారు. మా గల్లీ కమలవ్వ ఏదో పసరు గిన్నెతో సహా వచ్చింది.

"జర ముక్కు మూసుకొని మింగు దొరసాని."

"నాకేమైందని?"

"సారే చెప్పిండు గద. ముసల్దానికి దమ్మని."

ఇందిరాదేవికి అప్పుడు నలభై నాలుగేళ్లు. సార్ రెండు రోజులు మా ఇంట్లో భోంచేశాడు.

ఆ భోజనాల్లోనే నాకు వైద్యం వివరించాడు. "బానెట్ కింద ఉడికిన గాలినే ఇంజన్ మళ్ల పీలుస్తంది. నెత్తినిండ దుప్పటి కప్పుకొని పంటే నీకెట్లుంటది?"

"మంచిగ నిద్ర పడ్తది సార్."

"నీతోని అయ్యేటట్టు లేదు. వేడిగాలి పల్చటి చల్ల. చల్లగాలి గడ్డపెరుగు. ముసల్దానికి గడ్డపెరుగు తాపాలె."

ఆ గడ్డపెరుగుకు రెండు నెలలు పట్టింది. మైకు సెట్ల లింగమూర్తి దగ్గర పాత మైకు గొట్టం ఒకటి తెచ్చి, నోరు రోడ్డుకేసి పెట్టి కారు ముక్కు మీద బిగించాడు. దాని వెనక ఒక రేకు డబ్బా, డబ్బాలో వట్టివేళ్ల తడిక. దుమ్మును ఆపడానికీ గాలిని చల్లార్చడానికీ ఆ తడిక మీద మాటిమాటికీ నీళ్లు పోయాలి. డబ్బా నుంచి ఒక పైపు బానెట్ లోపలికి పోయింది, అతుకుల్లో సైకిల్ ట్యూబు ముక్కలు. బానెట్‌ను మాత్రం ఎవర్నీ ముట్టనివ్వలేదు.

కారు మొదటిసారి బజారుకు రాగానే, మైకును చూసి సాంచెలు, అంటే మరమగ్గాలు, బందు చేసి మరీ నేతపనివాళ్లు బయటికి వచ్చారు.

"ఏం చెప్తుండ్రు సారూ? కరెంటు బందా?" అని వాళ్లలో అంతయ్య అడిగాడు.

"చెప్పుడేం లేదు. అది గాలి పీలుస్తంది."

"పీల్చుడయినంక చెప్తరా?" అంటూ అంతయ్య అక్కడే గంటసేపు నిలబడ్డాడు. ఈ ముచ్చట నేను బడిలో అందరికీ చెప్పి, కడుపులు పట్టుకుని నవ్వేలా చేశాను.

సార్ ఇంటి వెనక గల్లీలో అంబదాస్, శంకరవ్వ ఉండేవాళ్లు. ఆయన సాంచెల మీద బట్ట నేస్తాడు, ఆమె కండెలు చుడుతుంది. ఇరవై ఏళ్లు నూలు దుమ్ము మింగి మింగి ఆమెకు నిజంగానే దమ్ము వచ్చింది. కొడుకు జ్వరం నుంచి బతికితే కొండగట్టు అంజన్నకు కొబ్బరికాయ కొడతానని మొక్కుకుంది. కొడుక్కి మీసాలు కూడా వచ్చాయి, మొక్కు మాత్రం తీరలేదు. రెండుసార్లు బస్సెక్కింది. రెండుసార్లూ పొగకూ దుమ్ముకూ ఊపిరందక వేములవాడలోనే దిగిపోయింది. అంజన్న ముఖం చూడకుండానే పోతానేమోనని ఆమె బెంగ. కారులో తీసుకుపోతానని సార్ మూడుసార్లు అడిగాడు, ఒకరికి భారం కానని మూడుసార్లూ కాదంది.

నాలుగోసారి సార్ నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు.

"శంకరవ్వా, నాకొక పని చేసిపెట్టాలె. మా ముసల్ది గుట్ట ఎక్కేటప్పుడు దాని ఊపిరెట్లున్నదో విని చెప్పు."

"నాకేమెరుక సారూ. డ్రైవర్లనడుగుండ్రి."

"డ్రైవర్లకు దమ్మున్నదా? నీకున్నది. ఎగపోసుడంటే ఏందో నీకెరుకైనంత ఎవలికెరుక?"

ఆమె చేతిలోని కండె పక్కన పెట్టింది. "పనికైతే వస్త," అంది.

ఆ ఆదివారం బయల్దేరాం. వెనక శంకరవ్వ, అంబదాస్. ముందు సార్ పక్కన నేను, ఆగిన చోటల్లా దిగి తడికకు నీళ్లు పోసే ఉద్యోగంలో. దుమ్ము రాకూడదని అద్దాలన్నీ ఎక్కించేశాం. నేను చెమటతో తడిసి ముద్దయ్యాను. ఆగిన చోటల్లా సార్ వెనక్కి తిరిగి, "ముసల్దాని దమ్మెట్లున్నది శంకరవ్వా?" అని అడుగుతున్నాడు. ఆమె చెవి ఒగ్గి విని, "ఉన్నది సారూ," అంటోంది.

కొండగట్టు మీదికి రెండో మలుపులో ముసల్ది ఆవిర్లు కక్కి ఆగిపోయింది. సార్ నీళ్ల కోసం అటు తిరగగానే నేను బానెట్ ఎత్తాను. రెండు నెలలు కష్టపడి పెట్టిన ఆ పైపు ఇంజన్‌ను కనీసం పలకరించకుండా దాని పక్కనుంచి వెళ్లి, మా సీట్ల కింద దూరి, వెనక సీటు కాడ తేలింది.

"సార్, ఇంజన్‌కు పైపు పెట్టుడే మర్చిపోయిండ్రు."

ఆయన పరుగున వచ్చి బానెట్ మూసేశాడు. "మెల్లగ మాట్లాడు. వెనక వినవడ్తది."

"ఊరంత నవ్వుతుంది గద సార్, ఇంత చేసినా బండి ఎక్కుతలేదని."

"నవ్వనీ. బండి ఆగితే నీళ్లు పోస్తం. ఆమె ఊపిరాగితే ఏం పోస్తవు? గీ ముచ్చట ఎరుకైతే ఆమె ఇక్కడ్నే దిగిపోతది."

నాకు సిగ్గేసింది. బడిలో నవ్వించిన నవ్వులన్నీ గుర్తొచ్చాయి. నోరు మూసుకుని తడికకు ఇంకో రెండు చెంబులు ఎక్కువే పోశాను.

పైకి చేరాక శంకరవ్వ గుడిదాకా తన కాళ్ల మీద తాను నడిచింది. ఎగపోయలేదు, దగ్గలేదు. కాయ ఒక్క దెబ్బకు రెండు చెక్కలైంది. అంబదాస్ కండువాతో ముఖం తుడుచుకుని, చెమట అన్నాడు.

తిరిగి కారు దగ్గరికి వచ్చాక సార్ అడిగాడు. "చెప్పు శంకరవ్వా. ముసల్దానికి నయమైందా?"

"ఉన్న ముచ్చట చెప్పాల్నా సారూ? దానికి జర గూడ తగ్గలే."

"అట్లనా," అని సార్ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. చాలా బాగా చిన్నబుచ్చుకున్నాడు. "మళ్ల చూడాలె."

"చల్లగాలంత నా కాళ్ల కాడికే వస్తే దానికెట్ల తగ్గుతది? పొయ్యేటప్పుడన్న సగం దానికియ్యుండ్రి."

నేను చెట్టు మీది కోతుల్ని చూస్తూ నిలబడ్డాను.

"నీకెప్పుడు ఎరుకైంది?" అన్నాడు సార్.

"వేములవాడ రాకముందే."

"మరి దిగకపోతివి?"

శంకరవ్వ కారులో కూర్చుని కొంగు సర్దుకుంది. "ఎట్ల దిగుదు సారూ? ముసల్దాని దమ్మెట్లున్నదని మీరు గంత సంబురంగ అడుగవడ్తిరి. నేను దిగితే మీ పానం ఎట్లయితదోనని కూసున్న."