హాల్లో వేలాడిన చేపల తట్ట

కాస్త ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి, మా కొత్తింటి ముచ్చట చెబుతాను.

పోయినేడు మా అబ్బాయి ఆమదాలవలసలో ఇల్లు కట్టాడు. లోపల అందంగా అమర్చడానికి వచ్చిన ఇంటీరియర్ డిజైనర్ అమ్మాయి, ఎవరికేం ఇష్టమో మమ్మల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగింది. "ఇల్లు చూస్తే మీరే కనిపించాలమ్మా" అంది.

"నాకేటి కావాలే తల్లీ! నా సేపల తట్ట ఎట్టుకోడానికి ఇంత సోటు సూడు" అన్నాను. ముప్పై ఏళ్లు ఆ తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మి మా అబ్బాయిని చదివించాను. ఆ అమ్మాయి దాన్ని కడిగి, ఎండబెట్టి, వార్నిష్ పూసి, లోపల లైటు పెట్టి హాలు మధ్యలో వేలాడదీసింది. చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

గృహప్రవేశం రోజు కోడలి స్నేహితురాలు తలెత్తి చూసింది. "ఏటే, ఈ బుట్ట భలేగున్నాది! ఎక్కడ కొన్నారు?"

"ఎగ్జిబిషన్‌లో" అంది కోడలు, నా వైపు చూడకుండా.

ఆవిడ ఊరుకోలేదు. "సేపలమ్మేవోళ్ల తట్టలాగున్నాదే!" అని నవ్వి, నా వైపు తిరిగింది. "ఏటి పిన్నీ, నిజంగా ఎగ్జిబిషన్‌దేనా?"

నేను మా అబ్బాయిని చూశాను. వాడు తల దించుకున్నాడు.

"ఎగ్జిబిషన్‌దేనమ్మా" అన్నాను.

ఏ వీధిలోనూ చేపలమ్ముతానని చెప్పుకోవడానికి సిగ్గుపడనిదాన్ని, నా కొడుకింట్లో సిగ్గుపడ్డాను. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులాగే ఉంది.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. అందులో మీరు పడ్డ కష్టాన్ని సిగ్గుపడకుండా చెప్పుకునే పిల్లలుండాలి.