ఆపడం గురించి ఘాటే కాకా రాసిన పేజీ

భాస్కర్ ఘాటే కొల్హాపూర్‌లో ఇరవై ఏళ్లకు పైగా నీటి పంపులకు వాడకం పుస్తకాలు రాశాడు. జనం పెట్టెలోంచి పంపు తీసుకుని పుస్తకాన్ని పెట్టెలోనే వదిలేస్తారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా ప్రతి పేజీకీ పంపు తానే ఆడించి చూసి, బట్టలు తడుపుకుని మరీ రాసేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక పుణె వచ్చి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆ రాత పనికే చేరాడు. ఇక్కడ ఏదీ తడవదు. కొత్తలో అదే ఆయనకు కాస్త వెలితిగా ఉండేది.

ఆ కంపెనీ ఫోన్ యాప్‌లను పరీక్షించే సాధనం ఒకటి తయారుచేస్తుంది. పరీక్ష జరుగుతున్నంతసేపూ ఫోన్ తెర మీద కనబడేదంతా అది వీడియో తీస్తుంది. రికార్డింగ్ మొదలుపెట్టడానికి ఒక ఆదేశం, ఆపడానికి ఇంకొకటి. మొదలుపెట్టేదాని గురించి ఎవరో అప్పటికే రాసేశారు. ఆపేది ఘాటే వంతుకు వచ్చింది.

ఆయన పై అధికారి మృణ్మయీది ఆయన కూతురి వయసు. ఆఫీసులో అందరిలాగే ఆమె కూడా ఆయన్ను కాకా, అంటే బాబాయ్, అంటుంది.

"ఒక్క లైను చాలు కాకా. 'రికార్డింగ్‌ను ఆపుతుంది.' అంతే."

"ఆపాక ఏమవుతుందమ్మా?"

"ఆగుతుంది."

"మరి తీసిన వీడియో ఎక్కడికి పోతుంది?"

"వెళ్లాల్సిన చోటికి వెళ్తుంది. సాయంత్రానికల్లా పేజీ అయిపోవాలి, సరేనా?"

ఘాటే చేసి చూడకుండా రాయలేడు. పరీక్షల కోసం ఉంచిన ఫోన్లన్నీ ఎవరో ఒకరి చేతిలో ఉన్నాయి. అందుకని తన ఫోన్నే కంప్యూటర్‌కు తగిలించాడు. పక్క సీటు ఓంకార్ దగ్గర నమూనా ఆదేశాలు అడిగి తీసుకున్నాడు. ఊరికే వదిలేస్తే మూడు నిమిషాలకు రికార్డింగ్ దానంతటదే ఆగిపోతుందని ఓంకార్ చెబితే, తొందరెందుకని గడువు అరగంట పెట్టాడు. మొదలుపెట్టాడు. భోజనం వేళయింది. డబ్బా విప్పాడు.

జొన్న భాకరీ రొట్టె, శనగపిండి పిఠలా. ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఫోన్లో భార్య శాలిని మెసేజీలకు జవాబులు టైపు చేశాడు.

"ఏమంటోంది మీ మేడమ్?" అని అడిగిందామె.

"ఒక్క లైను చాలంటోంది. దేనికైనా ఒక్క లైను చాలు ఆమెకు. మంచి పిల్లే. ఆమెకు కాదు అని చెప్పినవాళ్లు ఎవరూ లేరు, అంతే."

"మీరు చెప్పొచ్చుగా?"

"నాకెందుకు?"

"అయితే కొల్హాపూర్ పాటిల్ గారికైనా రాయండి. ఊరికే నా బుర్ర తినకండి."

పాటిల్ పాత ఫ్యాక్టరీలో ఆయన పై అధికారి. ఇప్పుడు పంపుల దుకాణం పెట్టుకున్నాడు. ఘాటే రాశాడు: "నమస్కారం సాహెబ్. మీ దగ్గర నాకేమైనా పని ఉంటుందా?" చెరిపేశాడు. "ఊరికే గుర్తొచ్చారు సాహెబ్" అని రాశాడు. అదీ చెరిపేశాడు. "ఇక్కడ నాకు ఊపిరాడటం లేదు" అని రాసి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, చివరికి ఒక్కొక్క అక్షరమే చెరిపాడు.

చెయ్యి కడుక్కుని వచ్చాక రికార్డింగ్ గుర్తొచ్చింది. ఆపే ఆదేశం ఇచ్చాడు. జవాబుగా ఖాళీ లైను వచ్చింది. వీడియో రాలేదు. మళ్లీ ఇచ్చాడు. మళ్లీ ఖాళీ. "ఆగుతుంది, కానీ ఏమీ ఇవ్వదు" అని రాసుకున్నాడు.

టీ వేళకు మృణ్మయీ ఆయన దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కాకా, మీ వీడియో అందరి ఫోల్డర్‌లోకి వచ్చింది. ఓంకార్ నమూనాలో ఆ ఫోల్డర్ చిరునామా ఉంది. చిరునామా ఇస్తే వీడియో అక్కడికే పోతుంది, మీకు ఖాళీ జవాబు వస్తుంది. తీసేశాను లెండి."

ఘాటే తన ఫోన్‌ను బల్ల మీద బోర్లించాడు. "ఎవరు చూశారు?"

"నేను. ఓంకార్ సగం చూశాడు, అతన్ని అక్కణ్ణుంచి లేపి పంపేశాను."

"నువ్వు ఎంతవరకు చూశావు?"

"కొల్హాపూర్ దాకా."

ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది. మృణ్మయీ టీ తాగలేదు. గ్లాసును బల్ల మీద అటూ ఇటూ తిప్పింది.

"కాదని ఎవరూ చెప్పలేదన్నారుగా, చెప్పండి ఇప్పుడు."

"ఇప్పుడేం చెప్పనమ్మా!"

"చెప్పండి కాకా, వింటాను."

"కాదు," అన్నాడు ఘాటే. గొంతు మరీ చిన్నగా వచ్చింది. గొంతు సవరించుకుని మళ్లీ అన్నాడు. "కాదు. ఒక్క లైను చాలదు."

"ఎన్ని కావాలి?"

"ఒక పేజీ."

"అర."

"ముప్పావు."

ఆ సాయంత్రం ఇద్దరూ అక్కడే కూర్చుని రాశారు. చిరునామా ఇవ్వకపోతే వీడియో జవాబులోనే వస్తుంది. ఇస్తే అక్కడికి పోతుంది. గడువు ముందే తీరితే అప్పటివరకు తీసినది దొరుకుతుంది. పరీక్షకు సొంత ఫోన్ వాడవద్దు. "చెరిపేసిన మాటలు కూడా వీడియోలో ఉంటాయి" అని ఘాటే చేర్చాడు. అది సాధనం గురించి కాదని మృణ్మయీ కొట్టేసింది. ఆయన మళ్లీ రాశాడు. ఆమె మళ్లీ కొట్టేసింది. చివరికది పోయింది.

కొల్హాపూర్‌కు ఆయన మర్నాడు నిజంగానే రాశాడు, ఈసారి చెరపకుండా. పుస్తకాలు ఇప్పుడెవరూ అడగడం లేదనీ, దుకాణంలో తనకే ఈగలు తోలుకునే పనిగా ఉందనీ పాటిల్ జవాబిచ్చాడు. ఘాటే పుణెలోనే ఉండిపోయాడు. పేజీ బయటికి వచ్చిన రోజు ఇంట్లో శాలినికి చూపించాడు. ఆమె పైనుంచి కింది దాకా వేలితో జరిపి చూసింది.

"మీ పేరేదండీ?"

"ఉండదు."

"పంపుల పుస్తకంలోనూ ఉండేది కాదుగా," అని ఆమె ఫోన్ ఇచ్చేసి అటుకుల పోహాకు తాలింపు వెయ్యడానికి వెళ్లింది.