పొగగొట్టానికి మూత

తడిసిన గోడ వాసన తగిలితే నేనిప్పటికీ కుదురుగా కూర్చోలేను. మొన్న ఈ ఊళ్లోనే, పాసిర్ రిస్ పేటలో ఒక స్నేహితురాలింటికి భోజనానికి వెళితే, వంటగది మూల అరచేయంత మేర పెయింటు ఉబ్బి కనిపించింది. అన్నం కలుపుతున్నదాన్నల్లా లేచి వెళ్లి ఎడమచేత్తో కిటికీ తీసేశాను. ఆవిడ పిల్లలు నన్నదోలా చూశారు. నా చిన్నప్పటి మా యీషున్ ఫ్లాటు గోడ సంగతి వాళ్లకేం తెలుసు?

కంప్యూటరు నేర్చినవాళ్లంతా పరాయి దేశాలకి విమానాలెక్కుతున్న రోజులవి, మేమూ అలాగే ఈ దేశం వచ్చాం. రెండువేల సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాములు తలకిందులవకుండా సరిచేసే కాంట్రాక్టు పని నాన్నది. అది అయిపోవస్తోంది, కొత్తది తేలలేదు, తేలకపోతే వీసా లేదు. దాంతో ఆయన ఇంట్లో ఒకచోట నిలిచేవారు కాదు. బాగానే తిరుగుతున్న ఫ్యానుని విప్పి, చెప్పుల స్టాండు మూడోసారి సర్ది, ఏదో ఒకటి బాగుచేస్తేగానీ ఊపిరాడనట్టు ఉండేవారు. అలాంటి మనిషి కంట గోడమీద చెమ్మ పడింది.

స్నానాలగది తలుపు పక్కన, వంటగదిలో, గ్యాసుతో నీళ్లు కాచే హీటరు ఉండేది. దాని పొగగొట్టం గోడలోంచి బయటికి పోయేది. ఆ గొట్టం చుట్టూ గోడ నాని పసుపు చారలు దిగేవి. నవంబరు గాలివాన గొట్టంలోంచి లోపలికి కొడుతోందని నాన్న తేల్చేశారు. దీపావళి ముందురోజు కిటికీలోంచి చెయ్యి చాపి, ఖాళీ పాలపొడి డబ్బాని గొట్టం మూతికి బిగించారు. సాయంత్రానికి గోడ ఇంకా ఎక్కువ కారింది. ఈసారి కిటికీ కూడా మూసి సందులకి టేపు వేశారు. మినప్పప్పు కడుగుతున్న అమ్మ, "వానకి కాదండీ, మనం స్నానాలు చేసినప్పుడే కారుతోంది" అంది. టేపు చుట్ట కొస వెతుక్కుంటున్న ఆయన వినిపించుకోలేదు.

మామూలు రోజుల్లో మావి గబగబా కానిచ్చే స్నానాలు. దీపావళి తలంటు అలా కాదు. వెచ్చచేసిన నువ్వులనూనె మాడుకి పట్టించడం, నలుగుపిండితో ఒళ్లంతా రుద్దడం, తెనాలి నుంచి తెచ్చుకున్న కుంకుడుకాయల రసం కళ్లలో పడి మేం గోలపెట్టడం, పొగలుకక్కే నీళ్లు పోస్తూనే ఉండడం, ఇదంతా ఒకరి తర్వాత ఒకరికి జరగాలి. తమ్ముడు స్నానం అవగానే వాంతి చేసుకున్నాడు. నాకు కణతలు పగిలిపోతున్నాయి. ఖాళీ కడుపులనుకుని అమ్మ చెరో గారె చేతిలో పెట్టి, అందరి తర్వాత తను వెళ్లింది.

గోడ ధారలు కడుతోంది. నాన్న గుడ్డతో తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయారు. బయట వాన ఎప్పుడో వెలిసింది. కారిడార్‌లో ఎండ కూడా వచ్చింది.

"సుశీలా, ఉన్నావా?" అన్నారు. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆయన ప్లాస్టిక్ తలుపుని భుజంతో తోసేసరికి అమ్మ గోడకి జారగిలబడి ఉంది, జుట్టునిండా కుంకుడు నురగ. మా ఏడుపులు విని పక్కింటి హైదరాబాదు నసీమా ఆంటీ పరుగెత్తుకొచ్చింది. "ముందు గ్యాస్ బంద్ చెయ్యండి భయ్యా, కిడ్కీలన్నీ తెరవండి" అంటూ తన దుపట్టా అమ్మకి చుట్టబెట్టింది. ఇద్దరూ కలిసి అమ్మని కారిడార్‌లోకి మోసుకొచ్చారు. గాలి తగిలి అమ్మ కళ్లు తెరిచేదాకా నాకు ఈ లోకమంతా అమ్మ తలని పెట్టుకున్న నసీమా ఆంటీ ఒడంతే ఉంది. కళ్లు తెరిచిన అమ్మ, గారెల మూకుడు దింపారా అని అడిగింది. నాన్న కిటికీ దగ్గరికెళ్లి, డబ్బాని ఉత్త చేతులతో పీకి, అరచెయ్యి కోసుకున్నారు.

గోడమీది నీళ్లు వానవి కావు. గ్యాసు మండితే పుట్టే ఆవిరివి. వదులైన గొట్టం అతుకులోంచి ముందు కొంచెమే వచ్చేది. మూత పెట్టాక మొత్తం ఇంట్లోకే తిరిగొచ్చింది, దాంతోపాటు విషగాలీ వచ్చింది.

కాంట్రాక్టు పొడిగించారు, మేం ఇక్కడే ఉండిపోయాం. ఆ గ్యాసు హీటర్లు పోయి కరెంటువి వచ్చాయి, తలంట్లు పోయి షాంపూలు వచ్చాయి, నసీమా ఆంటీ వాళ్లు ఎటో వెళ్లిపోయారు. కానీ అమ్మ స్నానానికెళితే నాన్న తలుపు బయట నిలబడి "ఉన్నావా?" అని అడగడం మాత్రం పోలేదు. "ఉన్నానండీ, ఎక్కడికి పోతాను" అని అమ్మ విసుక్కునేది.

పోయినేడు అమ్మ పోయింది. ఇప్పుడు నాన్న మా ఇంట్లో, మావాడి స్నానానికి కాపలా కాస్తారు. "ఉన్నావా?" అంటే, "ఐయామ్ ఓకే లా, తాతా" అంటాడు వాడు లోపల్నుంచి, ఇక్కడి ఇంగ్లీషు యాసలో.

నాన్న సరేనని తలూపుతారు. అక్కడి నుంచి మాత్రం కదలరు.